ఆరో తరగతిలో ఏం మారుతుంది?

వార్షికోత్సవ సంచికకు పిల్లలకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాసివ్వమని వార్డెన్ గారు అడిగితే, పూర్వ విద్యార్థులం కొందరం ఒక ఆదివారం హాస్టల్ వరండాలో కూర్చున్నాం. మహానుభావుల జీవిత చరిత్రలు, పర్యావరణం, పొదుపు ఏటా వస్తూనే ఉన్నాయి కాబట్టి వాటిని పక్కన పెట్టాం. జూన్ నెలలో ట్రంకు పెట్టె ఒక చేత, పళ్ళెం గ్లాసు కట్టిన సంచి ఒక చేత పట్టుకుని దిగే ఆరో తరగతి తమ్ముళ్ళ గురించి రాద్దామనుకున్నాం. వాళ్ళని పక్కన పడుకోబెట్టుకునే ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళకి కూడా ఇది పనికొస్తుంది. మాలో బాలికల హాస్టల్లో చదివిన అక్కయ్యలు ఇద్దరున్నారు. చెల్లెళ్ళకి సంబంధించిన మాటలు వాళ్ళవే.

ముందుగా, మన హాస్టల్లోకి ఎక్కువ మంది ఆరో తరగతిలోనే ఎందుకొస్తారు? మూడో తరగతి నుంచి చేర్చుకునే వీలుంది. అయినా ఐదు దాకా ఊళ్ళో బడి ఉంటుంది కనుక అమ్మానాన్నలు పంపరు. ఐదు అయిపోగానే ఊరి బడి అయిపోతుంది. 2009 విద్యా హక్కు చట్టం కింద పెట్టిన నిబంధనల ప్రకారం ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత పాఠశాల 3 కిలోమీటర్ల లోపు ఉండాలి. కాగితం మీద 3 కిలోమీటర్లు చిన్న దూరమే. తండా నుంచి, గూడెం నుంచి, వాగు దాటి నడిచే పదకొండేళ్ళ పిల్లవాడికి వానాకాలంలో అది చిన్న దూరం కాదు. పొద్దున పొలానికి పోయి మసక చీకట్లో వచ్చే తల్లిదండ్రులకి పిల్లవాడు బడికి పోయాడో, చెరువు గట్టుకి పోయాడో తెలియదు. చదువు తెగిపోయే చోటు ఇదేనని మన పెద్దలకి ఎప్పుడో అర్థమైంది. డాక్టర్ అంబేద్కర్ 1924లో బహిష్కృత హితకారిణీ సభ స్థాపించి, మరుసటి ఏడాది 1925లో షోలాపూర్‌లో తెరిపించింది హైస్కూలు పిల్లలకి హాస్టలే. కొత్తగా బడి పెట్టడం కంటే, ఉన్న బడి పక్కన అన్నం, పడక చూపించడం ముందు పని అని ఆ సభ అనుకుందన్నమాట. మన హాస్టల్ కూడా ఆ దారిలోదే.

ఇక బడి సంగతి. ఊళ్ళో ఐదో తరగతి దాకా ఒకరిద్దరు సార్లే అన్నీ చెప్పారు. సారుకి మన ఇంటి పేరు, నాన్న పేరు, మేక ఈనిన సంగతి కూడా తెలుసు. హైస్కూల్లో గంట కొట్టగానే ఒక సారు వెళ్ళి ఇంకో సారు వస్తారు. ఆరు నుంచి ఎనిమిది వరకు లెక్కలు సైన్సుకి ఒకరు, సాంఘికానికి ఒకరు, భాషలకి ఒకరు తక్కువ కాకుండా ఉండాలని అదే చట్టం చెబుతుంది. బడి కాలమూ పెరుగుతుంది. ఐదు దాకా ఏడాదికి 200 పని దినాలు, 800 బోధన గంటలయితే, ఆరు నుంచి 220 దినాలు, 1,000 గంటలు. ప్రతి సారు దగ్గరా ఐదారు తరగతుల పిల్లలుంటారు. వాళ్ళకి మన పేరు గుర్తుండటానికి దసరా సెలవుల దాకా పడుతుంది. కొత్త పిల్లవాడు దీన్ని తన మీద కోపం అనుకుంటాడు. కోపం కాదు, అంతమందిలో తను ఇంకా తెలియడం లేదు, అంతే. అడిగినప్పుడు పేరుతో పాటు ఊరి పేరు కూడా చెబితే సార్లకి త్వరగా గుర్తుంటుందని మా అనుభవం.

కొత్త సబ్జెక్టుల్లో రెండింటికి పిల్లలు భయపడతారు. ఒకటి హిందీ. నిజానికి తెలుగు వచ్చిన వాళ్ళకి హిందీ అక్షరాలు సగం వచ్చినట్టే. అ, ఆ, ఇ, ఈ వరస అదే. క, ఖ, గ, ఘ వరస అదే. గీత కింద వేలాడే బొమ్మలు మారాయి, పలుకు మారలేదు. మన పొట్టి ఎ, పొట్టి ఒ వాళ్ళ అక్షరమాలలో లేవు. కష్టం అక్షరాల్లో లేదు, లింగంలో ఉంది. మనకి అన్నం, పప్పు, రొట్టె అన్నీ ‘అది’. హిందీలో చావల్ పుల్లింగం, దాల్ స్త్రీలింగం, రోటీ స్త్రీలింగం. పళ్ళెంలో ఆడా మగా ఏమిటని మా బ్యాచ్‌లో ఒకడు సారునే అడిగాడు. సారు నవ్వి, మాట నేర్చుకున్నప్పుడే లింగంతో కలిపి నేర్చుకో అన్నారు. అంతకంటే మంచి ఉపాయం మాకు ఇప్పటికీ తెలియదు.

రెండోది లెక్కల్లో అంకెల మధ్యకి అక్షరం రావడం. ‘ఎక్స్ అంటే ఎంత?’ అని అడిగి, సారు ‘ఎంతైనా కావచ్చు’ అనగానే చాలామంది చేతులెత్తేస్తారు. మన వంట అన్న రోజూ చేసే లెక్కే అది. మనిషికి 3 పూరీలు వేయాలి. ఈ పూట ఎంతమంది ఉన్నారో హాజరు తీసేదాకా తెలియదు. మంది ఎక్స్ అనుకుంటే పూరీలు 3 ఎక్స్. హాజరు 80 అని తేలితే 240. ఇద్దరు ఊరెళ్ళారంటే 6 తగ్గుతాయి. వంటగది గుమ్మంలో నిలబడి వింటే బీజగణితం మొదటి పాఠం అయిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాం. ఆరో తరగతి పుస్తకాలు రాసిన వాళ్ళు, చెప్పే వాళ్ళు ఒకటి నమ్ముతారు, వచ్చినవాడికి చదవడం వచ్చని. గ్రామీణ ప్రాంతాల్లో ఏసర్ సర్వే చేసేవాళ్ళు పిల్లల ఇళ్ళకి వెళ్ళి రెండో తరగతి స్థాయి పాఠం చేతికిచ్చి చదివిస్తారు. దేశం మొత్తం మీద ఐదో తరగతి పిల్లల్లో ఆ పాఠం చదవగలిగినవారు 2018లో 50.5 శాతం, కరోనా తర్వాత 2022లో 42.8 శాతం. అంటే ఆరో తరగతి బెంచీ మీద కూర్చునే ప్రతి ఇద్దరిలో ఒకరికి పుస్తకం మొదటి పేజీయే గోడ. ఐదు దాకా చదవడం నేర్పడం సారు పని. ఆరు నుంచి అది ఎవరి పనీ కాదు. లెక్కల సారు లెక్కలు చెబుతారు, సాంఘికం టీచరు సాంఘికం చెబుతారు. గుణింతాలు ఎవరు చెబుతారు?

ఇలాంటి పిల్లవాడిని గుర్తు పట్టడం సులభం కాదు. వాడు అల్లరివాడు కాడు, చాలాసార్లు అందరికంటే నెమ్మదస్తుడు. స్టడీ అవర్లో పుస్తకం తెరిచే ఉంటుంది, పెదవులు కదులుతూనే ఉంటాయి. గుంపులో అందరితో కలిసి చదివేటప్పుడు అర క్షణం వెనకగా గొంతు కలుపుతాడు. విని విని పాఠం కంఠతా వచ్చేసి ఉంటుంది కాబట్టి మొదటి నుంచి చదవమంటే గడగడా చెబుతాడు. పాఠం మధ్యలో ఒక వాక్యం మీద వేలు పెట్టి చదవమంటే ఆగిపోతాడు. చాలామంది ‘పలక’, ‘బడి’, ‘చెరువు’ లాంటి మాటలు చదువుతారు. ఒత్తులు, సంయుక్తాక్షరాలు వచ్చిన చోట ఆగుతారు. ఆరో తరగతి సాంఘికంలో ‘ప్రజాస్వామ్యం’, ‘స్థానిక స్వపరిపాలన’ లాంటి మాటలు పేజీకి పది ఉంటాయి మరి.

మా కాలంలో దీనికి ఎవరూ పథకం వేయలేదు. అన్నం తిన్న తర్వాత, పడుకునే గంట కొట్టే లోపు, తొమ్మిదో తరగతి అన్న ఒకడు ఇద్దరు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు వాచకం చదివించేవాడు. అన్న ఒక వాక్యం వేలు పెట్టి చదువుతాడు, అదే వాక్యం పిల్లవాడు వేలు పెట్టి చదువుతాడు. తర్వాత అన్న ఊరుకుంటాడు, పిల్లవాడు ఒక్కడే చదువుతాడు. పదిహేను నిమిషాలకి మించి ఎప్పుడూ చేయలేదు. తప్పు చదివితే ఆ మాటను ముక్కలు చేసి రాయించేవాడు. ‘స్వాతంత్ర్యం’ ఒక్క మాటే ఒక రాత్రంతా రాసిన వాళ్ళున్నాం. ఒక ఏడాదిలో చాలామందికి చదవడం వచ్చేసింది. నేర్చుకున్న వాళ్ళు తొమ్మిదికి వచ్చాక అదే పని చేశారు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పదిమంది ముందు చదివించకూడదు. నవ్వు వినపడితే పిల్లవాడు మరునాడు రాడు, తలనొప్పి అంటాడు.

ఇంగ్లీషు మీడియం వచ్చాక ఈ పని తగ్గలేదు, పెరిగింది. తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో 1 నుంచి 8 తరగతుల వరకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టినప్పుడు పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు అచ్చు వేశారు. తెలుగు పేజీ చూడటం తక్కువతనం అని కొందరు పిల్లలు అనుకుంటున్నారు. అలా అనుకోవద్దు. ముందు తెలుగు పేజీ చదివి సంగతి తెలుసుకుని, తర్వాత ఇంగ్లీషు పేజీలో ఆ సంగతి ఎక్కడుందో వెతకడమే తేలిక.

బెంగ గురించి ఎక్కువ రాయం, అందరికీ తెలిసిందే. సాయంత్రం పూట, వాన పడ్డప్పుడు, సెలవుల తర్వాత తిరిగి వచ్చిన మొదటి రెండు మూడు రోజులు అది ఎక్కువ. మొదటి నెలలో గోడ దూకి బస్టాండు దాకా వెళ్ళి వచ్చిన వాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. మేం భయపడేది ఆ పిల్లల గురించి కాదు. పత్తి ఏరే కాలంలో దసరాకి వెళ్ళి రాని వాళ్ళ గురించి. కూలి డబ్బులు చేతికి రావడం మొదలయ్యాక ‘ఇంకో వారం, ఇంకో వారం’ అంటూ సంక్రాంతి వచ్చేస్తుంది. అప్పటికి పాఠాలు సగం దాటిపోతాయి, సిగ్గు పెరిగిపోతుంది. మా బ్యాచ్‌లో చేరిన వాళ్ళందరం పదో తరగతి దాకా మిగల్లేదు. పోయిన వాళ్ళలో ఎక్కువ మంది ఇలా పోయిన వాళ్ళే. ఒకడిని మాత్రం వెనక్కి తెచ్చుకున్నాం. వార్డెన్ సారు వెంట మేం ముగ్గురం వాళ్ళ ఊరు వెళ్ళి, చేను గట్టు మీద వాళ్ళ అమ్మతో మాట్లాడాం. సారు చెప్పిన మాటలకంటే, ‘నీ కంచం మేం ఎవరికీ ఇవ్వలేదురా’ అని మాలో ఒకడన్న మాటకే వాడు కదిలాడని ఇప్పటికీ చెప్పుకుంటాం. సెలవులయ్యాక మూడు రోజులైనా పక్క పడక ఖాళీగా ఉంటే ఆ సంగతి వార్డెన్ గారికి చెప్పాల్సింది ఆ గది పిల్లలే. హాజరు పట్టీలో అది ఒక గీత, గదిలో వాళ్ళకి అది మనిషి.

హాస్టల్ అన్నాక గజ్జి గురించి రాయకపోతే వ్యాసం నిజాయితీగా ఉండదు. ఇది మురికి వల్ల వచ్చేది కాదు. చర్మం కింద దూరి గుడ్లు పెట్టే, కంటికి ఆనని చిన్న పురుగు వల్ల వస్తుంది. చర్మానికి చర్మం తగిలితే, ఒకే పక్కలో పడుకుంటే, తువ్వాలు మార్చుకుంటే అంటుతుంది. మొదటిసారి అంటిన వాడికి దురద మొదలు కావడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఈ లోపల కూడా వాడి నుంచి ఇతరులకి అంటుతుంది. జూన్‌లో చేరిన వాళ్ళు జూలై చివర్లో, ఆగస్టులో గోక్కోవడం మొదలు పెట్టడానికి కారణం ఇదే. అప్పుడు ‘ఎవరు తెచ్చారు’ అని వెతకడం దండగ. వేళ్ళ సందులు, మణికట్టు, నడుము, చంకల్లో రాత్రిపూట దురద ఎక్కువ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు గారు ఇచ్చే పూత మందు మెడ నుంచి అరికాలి దాకా రాసుకోవాలి, దురద ఉన్న చోట మాత్రమే రాస్తే లాభం లేదు. ముఖ్యం ఏమిటంటే, దురద లేని వాళ్ళతో సహా గదిలో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. వారం తర్వాత డాక్టరు చెప్పినట్టు మళ్ళీ రాయాలి. బట్టలు, దుప్పట్లు వేడి నీళ్ళలో ఉతికి ఎండలో వేయాలి. పురుగు చచ్చిన తర్వాత కూడా రెండు మూడు వారాలు దురద ఉండొచ్చు. మందు పని చేయలేదని భయపడొద్దు. ఒక్కడు సిగ్గుపడి దాచుకుంటే గది మొత్తం మళ్ళీ మొదటికొస్తుంది.

ప్రార్థన వరుసలో పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక నిలబడతారు కదా. ఆరు నుంచి పది దాకా ఆ వరుస ఏటా తిరగబడుతూ ఉంటుంది. ఆడపిల్లలు పది, పన్నెండేళ్ళ మధ్య ఒక్కసారిగా ఎదుగుతారు. మగపిల్లలకి ఆ ఎదుగుదల దాదాపు రెండేళ్ళు ఆలస్యంగా వస్తుంది. అందుకే ఆరు, ఏడు తరగతుల్లో ఆడపిల్లలు పొడుగ్గా కనిపిస్తారు. ఒకే వయసు మగపిల్లల్లో కూడా ఒకడికి ఏడులో గొంతు మారితే, ఇంకొకడికి పదిలో మారుతుంది. రెండూ సహజమే. పొట్టిగా ఉన్నాడని ఏడులో ఏడిపించిన వాడిని పదిలో తల ఎత్తి చూడాల్సి వచ్చిన వాళ్ళు మాలో ఇద్దరున్నారు, పేర్లు రాయొద్దన్నారు.

చెల్లెళ్ళకి అక్కయ్యలు చెప్పమన్న మాటలు ఇవి. నెలసరి చాలామందికి 12, 13 ఏళ్ళ వయసులో మొదలవుతుంది, కొందరికి తొమ్మిదేళ్ళకే, కొందరికి పదిహేనేళ్ళకి. మొదటి రెండేళ్ళు తేదీలు సరిగ్గా రాకపోవడం మామూలే. హాస్టల్లో ఉన్నప్పుడు మొదటిసారి వస్తే అమ్మ పక్కన ఉండదు, గదిలో పెద్ద అక్కే అమ్మ. ఆ రోజు ఆమె చేయాల్సింది నవ్వకుండా, గుసగుసలాడకుండా ప్యాడ్ ఇచ్చి, ఎలా వాడాలో చూపించి, మేడమ్ గారికి చెప్పడం. ఇంటికి పంపించి పదిహేను రోజులు బడి మానిపించే అలవాటు కొన్ని ఊళ్ళలో ఉంది. ఆ పదిహేను రోజుల్లోనే సంబంధాల మాటలు కూడా మొదలవుతాయని అక్కయ్యలు చెప్పారు. చెల్లెలు ఫలానా రోజున తిరిగి వస్తుందని తీసుకెళ్ళేటప్పుడే వాళ్ళ నాన్న చేత అనిపించుకోవడం మంచిది.

రక్తహీనత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆరో తరగతి నుంచి వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర అందుకోసమే, మగపిల్లలకి కూడా అది ఉంది. కిటికీలోంచి పారేసే ఆ మాత్రలు ఏరితే ఒక సీసా నిండుతుందని మాకు తెలుసు. పరగడుపున వేసుకుంటే వికారం వస్తుంది, అన్నం తిన్నాక వేసుకోవాలి. వెంటనే టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు. నిమ్మకాయ, ఉసిరి తింటే పడుతుంది. మర్నాడు విరేచనం నల్లగా అయితే కంగారు పడనక్కర్లేదు.

తిండి లెక్క ఒకటి సరదాగా చెబుతాం. మధ్యాహ్న భోజన పథకం కొలతల్లో ఐదో తరగతి దాకా పూటకి 100 గ్రాముల బియ్యం, 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్. ఆరు నుంచి 150 గ్రాములు, 700 కేలరీలు, 20 గ్రాములు. అంటే ఆరుకి రాగానే ఆకలి పెరుగుతుందని ఆ కొలతలు పెట్టిన వాళ్ళకి తెలుసు. మన మెస్ ఛార్జీల్లో మాత్రం గీత ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఉంది. తెలంగాణలో 2017లో 3 నుంచి 7 తరగతులకి నెలకి 950, 8 నుంచి 10కి 1,100 రూపాయలు చేశారు. ఏడేళ్ళ తర్వాత 2024లో వాటిని 1,330, 1,540 చేశారు. గీత మాత్రం అక్కడే ఉంది. ఆరో తరగతి వాడు రెండోసారి కూర అడిగినప్పుడు వంట అన్న గరిటెకి ఈ లెక్కలేవీ తెలియవు, అది మన అదృష్టం.

చివరగా డే స్కాలర్లు. మనం గదిలో పెరిగేది హాస్టల్ వాళ్ళతో, తరగతిలో పెరిగేది ఊరి పిల్లలతో. మొదట్లో ‘హాస్టలోళ్ళు’ ఒక పక్క, ఊరోళ్ళు ఒక పక్క కూర్చుంటారు. ఏదైనా పోతే ముందు మన సంచులు వెతికిన రోజులు మాకు గుర్తున్నాయి. ఆ పిలుపులో కులం కూడా కలిసి ఉంటుందని పదకొండేళ్ళ పిల్లవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు, వాడికి తెలుస్తుంది. ఇద్దరి మధ్య బెంచీలు కలిసింది మాకు మూడు చోట్ల. కబడ్డీ జట్టులో, ల్యాబులో, మధ్యాహ్నం అన్నం దగ్గర. 2008-09 నుంచి దేశమంతటా ఆరు నుంచి ఎనిమిది తరగతులకి కూడా మధ్యాహ్న భోజనం వచ్చాక, ఊరి పిల్లలు ఇళ్ళకి పోవడం తగ్గి ఒకే వరుసలో కూర్చుని తినడం పెరిగింది. ఒకే పప్పులో నీళ్ళు ఎక్కువయ్యాయని ఇద్దరూ కలిసి తిట్టుకుంటే స్నేహం త్వరగా కుదురుతుంది. అయినా సంచులు వెతికే అలవాటు ఎక్కడైనా ఉంటే, వెతికితే అందరివీ వెతకమని పెద్ద తరగతుల వాళ్ళు హెడ్మాస్టరు గారికి మర్యాదగా చెప్పాలి. ఆరో తరగతి వాడు ఆ మాట అడగలేడు.

సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమెకి పద్నాలుగేళ్ళు నిండటానికి ఇంకా కొన్ని రోజులుంది. పేపర్లలో ఎక్కువగా ఆమె పేరే వచ్చింది. పక్కన సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు, భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకుని ఇద్దరూ కలిసే నేర్చుకున్నారు. మన పిల్లలు పూర్ణ పేరుతో పాటు ఆనంద్ పేరు కూడా గోడ మీద రాస్తే బాగుంటుందని మాలో కొందరి అభిప్రాయం.

ఈ ఏడాది నుంచి ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం 10 గంటలకి మాలో ముగ్గురు నలుగురం హాస్టల్‌కి వస్తున్నాం, ఆరో తరగతి పిల్లల చేత చదివించడానికి. ఒక్కొక్కరిని విడిగా, చెట్టు కింద కూర్చోబెడతాం. తెలుగు వాచకం, పెన్సిలు చాలు. మిగిలిన రోజుల్లో రాత్రి పదిహేను నిమిషాలు చదివించడానికి తొమ్మిదో తరగతి వాళ్ళు ఆరుగురు ఇప్పటికే పేర్లిచ్చారు. ఇంకా నలుగురు కావాలి.